మెట్టినింటికి పెద్దదిక్కయిన బెకీ

నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోతే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఒకసారి జారితే 'పోనీలే' అనుకుంటాం. రెండోసారీ జారితే 'మన రాత' అని సరిపెట్టుకుంటాం. మరి నాలుగుసార్లూ జారిపోతే?

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బెకీ హామన్‌కి సరిగ్గా అలాగే జరిగింది. 1999, 2000, 2002, 2008... నాలుగుసార్లు ఆమె ఆడిన జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. నాలుగుసార్లూ ఓడి వచ్చింది. పదహారేళ్ళు ఆడి, పేరు తెచ్చుకుని, ఆరుసార్లు ఆల్‌స్టార్ ఆటకు ఎంపికై కూడా ఒక్క కప్పూ చేత పట్టకుండానే 2014లో ఆట మానేసింది.

అటువంటి బెకీ 2022లో లాస్‌వేగాస్ ఏసెస్ అనే జట్టుకి హెడ్ కోచ్‌గా వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ జట్టుదీ ఇదే కథ! 1997లో పుట్టిన జట్టు. పాతికేళ్ళలో రెండుసార్లు ఫైనల్‌కి వెళ్ళి రెండుసార్లూ ఓడింది. కప్పు ఎరుగని జట్టూ, కప్పు ఎరుగని కోచ్... ఇద్దరూ కలిసి ఆ ఒక్క సీజన్లో ఏం చేశారన్నదే ఈ కథ.

ఎవరీ బెకీ?

1977లో సౌత్ డకోటా రాష్ట్రంలోని ర్యాపిడ్ సిటీ అనే ఊళ్ళో పుట్టింది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. మనకిది మంచి ఎత్తే! కానీ ఆరడుగులు దాటిన ఆడవాళ్ళు కిక్కిరిసి ఉండే ఆ ఆటలో ఈమె పొట్టిపిల్ల కిందే లెక్క. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో ఎంత బాగా ఆడినా, 1999లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ 'డబ్ల్యు.ఎన్.బి.ఎ.' వాళ్ళు కొత్త క్రీడాకారిణులను ఎంచుకునే రోజున ఒక్క జట్టూ ఆమె పేరు పిలవలేదు. తర్వాత న్యూయార్క్ లిబర్టీ జట్టు చేర్చుకుంది. అక్కడే ఎనిమిదేళ్ళు ఆడింది.

న్యూయార్క్ పుట్టిల్లనుకుంటే, 2007లో వెళ్ళిన శాన్ ఆంటోనియో జట్టుని మెట్టినిల్లనుకోవాలి. అక్కడా ఎనిమిదేళ్ళు ఆడింది. ఆమె వేసుకున్న 25వ నంబరు చొక్కాని ఇక మరెవ్వరికీ ఇవ్వకుండా ఆ జట్టు గౌరవించింది. 2018లో ఆ జట్టు శాన్ ఆంటోనియో నుంచి మకాం మార్చేసి లాస్‌వేగాస్ చేరి 'ఏసెస్' అని పేరు పెట్టుకుంది. అంటే, బెకీ కోచ్‌గా వచ్చింది కొత్త ఇంటికి కాదు. ఊరు మారి, పేరు మారిన తన మెట్టినింటికే!

మోకాలు దెబ్బ తెరిచిన తలుపు

2013లో బెకీ మోకాలి లిగమెంటు తెగింది. ఆ సీజన్లో ఇక ఆట లేదు. ముప్పయ్యారేళ్ళ వయసులో అటువంటి దెబ్బ తగిలితే ఎవరైనా 'ఇక చాలు' అనుకుంటారు. బెకీ మాత్రం ఆ ఖాళీ రోజుల్లో అదే ఊళ్ళో ఉన్న మగవాళ్ళ జట్టు 'శాన్ ఆంటోనియో స్పర్స్' సాధన చేసే చోటికి వెళ్ళి కూర్చునేది. ఆ జట్టు కోచ్ గ్రెగ్ పోపోవిచ్ సామాన్యుడు కాడు. అప్పటికే నాలుగు టైటిళ్ళు గెలిపించిన గురువు. ఆయన సమావేశాల్లో కూర్చుని, విని, అడిగి, తన అభిప్రాయం చెప్పి నేర్చుకుంది.

2014 ఆగస్టులో పోపోవిచ్ ఆమెను తన సహాయ కోచ్‌గా తీసుకున్నాడు. మగవాళ్ళ ఎన్.బి.ఎ. లీగ్‌లో పూర్తికాలపు జీతం మీద సహాయ కోచ్ అయిన మొదటి మహిళ ఆమే. 2020 డిసెంబరు 30న ఒక ఆటలో రిఫరీలు పోపోవిచ్‌ని మైదానం నుంచి పంపించేస్తే, మిగతా ఆటంతా జట్టుని నడిపింది బెకీయే. లీగ్ ఆటలో ఒక మహిళ అలా హెడ్ కోచ్ బాధ్యత చేయడం అదే మొదటిసారి.

మరి ఎనిమిది సీజన్లు పక్క కుర్చీలో కూర్చున్నామె అసలు కుర్చీలోకి ఎందుకు రాలేదు? ప్రయత్నాలు జరిగాయి. 2021లో పోర్ట్‌లాండ్ జట్టు ఆమెను ఇంటర్వ్యూ చేసింది. ఉద్యోగం మాత్రం వేరొకరికి ఇచ్చింది. 2025 వరకూ చూసినా మగవాళ్ళ లీగ్‌లో ఏ జట్టూ ఒక మహిళకి హెడ్ కోచ్ పదవి ఇవ్వలేదు. చదువులో ఫస్టు, పనిలో బెస్టు, ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి 'చూద్దాంలెండి'... ఆఫీసుల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకి ఇది కొత్త మాటా?

ఆ సమయంలో తలుపు తట్టింది ఏసెస్ యజమాని మార్క్ డేవిస్. 2021 చివరి రోజున అయిదేళ్ళ ఒప్పందం ప్రకటించారు. ఏడాదికి పది లక్షల డాలర్ల పైమాటేనని పత్రికలు రాశాయి. అప్పటికి ఆ లీగ్ చరిత్రలో ఏ కోచ్‌కీ అంత జీతం లేదు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఏడాది లీగ్‌లో ఎంత గొప్ప క్రీడాకారిణికైనా ఇవ్వగలిగిన జీతం సుమారు 2 లక్షల 28 వేల డాలర్లే! ఆడేవాళ్ళ జీతానికి పరిమితి ఉంది, ఆడించేవాళ్ళ జీతానికి లేదు.

పొయ్యి దగ్గరే అందరూ నిలబడితే...

బెకీ వచ్చేనాటికి ఏసెస్ చిన్న జట్టేమీ కాదు. అంతకుముందు కోచ్ బిల్ లాంబీర్ దాన్ని బాగానే నిలబెట్టాడు. 2020లో ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. 2021లో సెమీ ఫైనల్ చివరి ఆటలో సొంత ఊళ్ళోనే, 87–84 తేడాతో ఫీనిక్స్ చేతిలో ఓడారు. (ఇంకో వింత చూశారా? 2008లో బెకీ జట్టుని ఫైనల్లో ఓడించిన డెట్రాయిట్ జట్టు కోచ్ ఈ లాంబీరే! ఇప్పుడు ఆయన కుర్చీలోకే ఆమె వచ్చింది.)

లాంబీర్‌ది పాతకాలపు పద్ధతి. పొడుగాటి ఆడపిల్లల్ని బుట్ట కింద నిలబెట్టి, బంతిని వాళ్ళకే అందించడం. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు ఆ జట్టు వేసినంత తక్కువగా లీగ్‌లో ఎవరూ వేసేవాళ్ళు కాదు.

బెకీ మొట్టమొదట మార్చింది దీన్నే. వంటింట్లో అయిదుగురం పొయ్యి దగ్గరే నిలబడితే ఏమవుతుంది? ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతుంది, గరిటె తిప్పేందుకు చోటుండదు. ఒకరు కూరలు తరుగుతూ, ఒకరు పిండి కలుపుతూ, తలో మూలా ఉంటే పని చకచకా సాగుతుంది. బాస్కెట్‌బాల్ కూడా అంతే. అయిదుగురూ దూరదూరంగా నిలబడితే, ఎదుటి జట్టువాళ్ళు కూడా విడిపోయి కాపలా కాయాలి. మధ్యలో దారి ఖాళీ అవుతుంది. బంతిని ఒకరి నుంచి ఒకరికి చకచకా అందిస్తూ ఎవరికి చోటు దొరికితే వాళ్ళు వేసేయడమే. స్పర్స్ దగ్గర నేర్చుకున్న విద్య ఇది.

ఈ మార్పుతో ఒక్కొక్క అమ్మాయిలో వచ్చిన తేడా చూడండి.

కెల్సీ ప్లమ్ అంతకుముందు ఏడాది బెంచీ మీద నుంచి వచ్చి ఆడేది. ఆ పాత్రలో లీగ్ బహుమతి కూడా అందుకుంది. బెకీ ఆమెను మొదటి అయిదుగురిలో నిలబెట్టింది. ప్లమ్ ఆటకి సగటున 20 పాయింట్లు వేసింది. ఆల్‌స్టార్ ఆటలో 30 పాయింట్లు వేసి ఉత్తమ క్రీడాకారిణి అయింది. (అప్పుడు ఇచ్చిన గాజు బహుమతి ఎంత బుల్లిగా ఉందో చూసి దేశమంతా నవ్వుకుంది!)

జాకీ యంగ్ 2019లో లీగ్ మొత్తానికి మొదట ఎంపికైన అమ్మాయి. కానీ దూరం నుంచి షాట్ వేయాలంటే వెనకాడేది. 2022లో ఆమె వేసిన మూడు పాయింట్ల షాట్లలో 43 శాతం బుట్టలో పడ్డాయి. ఆ ఏడాది అందరికంటే ఎక్కువగా మెరుగుపడిన క్రీడాకారిణి బహుమతి ఆమెదే.

ఇక ఏజా విల్సన్. సౌత్ కరోలినాలోని హాప్కిన్స్ అనే చిన్న ఊరి పిల్ల. నల్లజాతి వాళ్ళని వేరుగా చూసే రోజుల్లో ఏజా అమ్మమ్మ ఏ యూనివర్సిటీ ఆవరణలో నడవడానికి వీల్లేక చుట్టూ తిరిగి పోయేదో, 2021లో అదే యూనివర్సిటీ ఆట మందిరం ముందు మనవరాలి విగ్రహం పెట్టారు! మొదటి నాలుగేళ్ళు మూడు పాయింట్ల షాట్ జోలికే దాదాపు వెళ్ళని ఏజా చేత బెకీ అవి కూడా వేయించింది. 2022లో లీగ్ ఉత్తమ క్రీడాకారిణి, ఉత్తమ రక్షణ క్రీడాకారిణి... రెండు బహుమతులూ ఏజావే.

28 పాయింట్ల గుణపాఠం

మే నెలలో మొదలైన సీజన్ మొదట్లో నల్లేరు మీద బండిలా సాగింది. ఎదుటివాళ్ళు ఈ కొత్త ఆటని అర్థం చేసుకునేలోపే ఏసెస్ గెలిచేసేది. 'ఇంకేం, కప్పు మనదే' అని అభిమానులు పొంగిపోయారు.

జూన్ 21న షికాగో స్కై జట్టు లాస్‌వేగాస్ వచ్చింది. ఏసెస్ ఒక దశలో 28 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. అంత తేడా ఉంటే ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు అనుకుంటాం కదూ? షికాగో వాళ్ళు ఒక్కొక్క పాయింటే పేర్చుకుంటూ వచ్చి 104–95తో గెలిచేశారు! అప్పటికి ఆ లీగ్ చరిత్రలో అంత వెనకబడి గెలిచిన జట్టు లేదు. పాలు పొంగుతున్నాయని మురిసి, పొయ్యి కట్టడం మరిచిపోయినట్టయింది ఏసెస్ పని.

లోపం ఎక్కడుందో అందరికీ కనిపించింది. పాయింట్లు వేయడంలో ఉన్న శ్రద్ధ ఆపడంలో లేదు. పైగా మొదటి అయిదుగురి మీదే భారమంతా. బెంచీ మీద ఉన్నవాళ్ళు తక్కువగా ఆడేవారు. జూన్ చివర, జులై మొదట్లో మరికొన్ని ఓటములు తగిలాయి.

కానీ అదే షికాగోని, అదే షికాగో ఊళ్ళో, జులై 26న 93–83తో ఓడించి కమిషనర్స్ కప్ గెలిచారు. సీజన్ మధ్యలో జరిగే పోటీ ఇది. గెలిచిన అమ్మాయిలకి తలా సుమారు 30 వేల డాలర్లు. మంచి క్రీడాకారిణి జీతమే రెండు లక్షల చిల్లర అయినప్పుడు ఇది చిన్న మొత్తమేమీ కాదు. ఆగస్టు 14న, సీజన్ చివరి ఆటలో సియాటిల్‌ని ఓడించి 36 ఆటల్లో 26 గెలుపులతో మొదటి స్థానంలో నిలిచారు. ఆ ఏడాది ఉత్తమ కోచ్ బహుమతి బెకీకే ఇచ్చారు.

ఊపిరి బిగపట్టిన సెప్టెంబరు

మొదటి రౌండులో ఫీనిక్స్‌ని సులువుగానే దాటారు. సెమీ ఫైనల్లో సియాటిల్. ఆ జట్టులో స్యూ బర్డ్ అనే 41 ఏళ్ళ పెద్దావిడ ఉంది. ఆమెకదే చివరి సీజన్. చెరో ఆట గెలిచాక, మూడో ఆట సియాటిల్‌లో.

ఇక సెకనుల లెక్క. ఆట ముగియడానికి 1.8 సెకన్లు ఉందనగా స్యూ బర్డ్ మూడు పాయింట్ల షాట్ వేసింది. సియాటిల్ ముందుకెళ్ళింది. మందిరం దద్దరిల్లింది. అయిపోయిందనుకున్నారంతా. ఆ 1.8 సెకన్లలోనే జాకీ యంగ్ బంతి అందుకుని, బుట్ట దగ్గరికి దూకి వేసేసింది. 92–92! అదనపు సమయంలో ఏసెస్ 18 పాయింట్లు వేస్తే సియాటిల్ 6 మాత్రమే వేయగలిగింది. నాలుగో ఆటలో చెల్సీ గ్రే 31 పాయింట్లు వేసింది. సియాటిల్ కథ ముగిసింది. స్యూ బర్డ్ కన్నీళ్ళతో సెలవు తీసుకుంది.

ఈ చెల్సీ గ్రే గురించి తప్పకుండా చెప్పుకోవాలి. ఆ ఏడాది ఏసెస్ నుంచి నలుగురు ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యారు. మొదటి అయిదుగురిలో మిగిలిపోయిన ఆ ఒక్కతీ చెల్సీయే! అలిగి కూర్చోలేదు. మాటతో జవాబివ్వలేదు. అసలు సమయంలో ఆటతో ఇచ్చింది.

ఫైనల్లో కనెటికట్ సన్ జట్టు. మొదటి ఆట 67–64, రెండోది 85–71... రెండూ ఏసెస్‌వే. మూడో ఆటలో కనెటికట్ వాళ్ళు సొంత ఊళ్ళో 105–76తో చితక్కొట్టారు. సెప్టెంబరు 18న నాలుగో ఆట. చివరి నిమిషాల వరకూ ఎవరిదో తేలలేదు. చెల్సీ 20 పాయింట్లు వేసింది. బెంచీ మీద నుంచి వచ్చిన రిక్వానా విలియమ్స్ 17 వేసింది. ఏ బెంచీ బలహీనమని అందరూ అన్నారో ఆ బెంచీయే చివరికి చెయ్యందించింది! 78–71.

పాతికేళ్ళ జట్టుకి మొదటి కప్పు. జూదానికి పేరుపడ్డ లాస్‌వేగాస్ నగరానికి పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లో వచ్చిన మొదటి టైటిల్ తెచ్చింది మగవాళ్ళ జట్లు కాదు, ఈ అమ్మాయిలు. ఫైనల్స్ ఉత్తమ క్రీడాకారిణి ఎవరనుకున్నారు? ఆల్‌స్టార్‌కి పనికిరాదన్న చెల్సీ గ్రేనే!

తీపిలో ఒక చేదు

ఇక్కడితో ఆపేస్తే కథ కమ్మగా ఉంటుంది. కానీ మనం ఆడవాళ్ళం, మిగతాది కూడా తెలుసుకోవాలి.

ఆ గెలుపులో భాగమైన డెరీకా హాంబీ అప్పటికే ఒక పాప తల్లి. రెండోసారి గర్భవతినన్న సంగతి విజయోత్సవం నాడు అందరికీ చెప్పింది. 2023 జనవరిలో జట్టు ఆమెను లాస్ ఏంజెలెస్‌కి మార్చేసింది. గర్భం సంగతి తెలిశాక తనతో తీరు మారిందని, తన నిబద్ధతని శంకించారని డెరీకా బహిరంగంగా ఆరోపించింది. గర్భం కారణం కానే కాదని, అది ఆట అవసరాల కోసం తీసుకున్న నిర్ణయమని బెకీ చెప్పింది. లీగ్ విచారణ జరిపింది. 2023 మే నెలలో, గర్భం విషయమై డెరీకాతో అన్న మాటలకు బెకీని జీతం లేకుండా రెండు ఆటలు సస్పెండ్ చేసింది. డెరీకాకు నిబంధనలకు విరుద్ధమైన లాభాలు ఇవ్వజూపారని జట్టుకి వేరే శిక్ష వేసింది. 2024 ఆగస్టులో డెరీకా కోర్టుకెక్కింది.

ప్రసవ సెలవులో పూర్తి జీతం ఇవ్వాలని ఆ లీగ్ ఒప్పందంలో 2020 నుంచీ రాసి ఉంది. కాగితం మీద రాసినంత మాత్రాన తల్లి కాబోయే అమ్మాయికి 'నేనిక పనికిరానేమో' అన్న భయం పోదన్నమాట. కుర్చీలో ఆడది కూర్చున్నా సరే! అయితే డెరీకా కుంగిపోలేదు. 2023లో ప్రసవమైన కొద్ది నెలలకే మళ్ళీ కోర్టులో దిగింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ముగ్గురేసి ఆడే బాస్కెట్‌బాల్‌లో అమెరికాకి కాంస్యం తెచ్చిన జట్టులో ఉంది.

బెకీ కూడా ఆగలేదు. 2023లో ఏసెస్ మళ్ళీ గెలిచింది. ఈసారి ఫైనల్లో ఓడించింది పుట్టిల్లు న్యూయార్క్‌నే! 2025 ఆగస్టులో ఒక ఆట 53 పాయింట్ల తేడాతో ఓడి, అందరూ 'ఇక పనైపోయింది' అన్నాక, వరసగా 16 ఆటలు గెలిచి, అక్టోబరులో మూడో కప్పూ తెచ్చుకుంది.

1999లో ఎవరూ పేరు పిలవని పిల్ల, నాలుగు ఫైనల్స్ ఓడిన క్రీడాకారిణి, నేడు మూడు కప్పుల కోచ్. ఆమెను మెచ్చుకుందాం. డెరీకా మాటనీ మరిచిపోకుండా ఉందాం. రేపు మన అమ్మాయి ఏ ఆఫీసులోనైనా, ఏ బళ్ళోనైనా పెద్ద కుర్చీ ఎక్కితే, ఈ రెండు కథలూ కలిపి చెబుదాం.

మీ అమ్మాయికి బంతి కొంటున్నారా?

• పెద్ద ఆడపిల్లలు ఆడే బంతి 6వ నంబరు. చుట్టుకొలత సుమారు 28.5 అంగుళాలు. మగవాళ్ళ బంతి (7వ నంబరు) దీనికంటే ఒక అంగుళం పెద్దది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 5వ నంబరు చాలు. పెద్ద బంతి కొనేసి 'ఎదిగాక కూడా పనికొస్తుంది' అనుకోకండి. చేతికి పట్టుచిక్కక షాట్ వేసే తీరే చెడిపోతుంది.

• సిమెంటు నేల మీద ఆడితే రబ్బరు బంతి తీసుకోండి. తోలు బంతి గరుకు నేల మీద త్వరగా చెడిపోతుంది.

• బుట్ట ఎత్తు 10 అడుగులు. చిన్నపిల్లలకి దించి కడితే తప్పేమీ లేదు.

• మడమ గట్టిగా పట్టే బూట్లు ముఖ్యం. చెప్పులతో, వట్టికాళ్ళతో ఆడనివ్వకండి. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగకుండా, మెత్తగా దిగడం మొదటినుంచే నేర్పించమని డ్రిల్లు మాష్టారిని అడగండి. మోకాలి లిగమెంటు దెబ్బలు మగపిల్లలకంటే ఆడపిల్లలకే ఎక్కువ తగులుతాయి.

• నెలసరి రోజుల్లో ఆడకూడదన్న నియమమేమీ లేదు. ఓపికుంటే ఆడవచ్చు, లేకపోతే విశ్రాంతి తీసుకోవచ్చు. ఆ నిర్ణయం అమ్మాయిదే.